కొలబద్ద వలలో ఉండాలి

సముద్ర చేపల రక్షణకు ఉన్న నిబంధనల్లో జనానికి ఇట్టే అర్థమయ్యేది ఒకటుంది: ఫలానా చేప ఇన్ని సెంటీమీటర్లకన్నా చిన్నదైతే పట్టకూడదు. పిల్లచేపని వదిలెయ్, పెద్దయ్యాక పట్టుకో. దీన్ని కాదనేవాళ్ళు దొరకరు. చట్టం రాసేవాళ్ళకీ ఇదే సుఖం. ఒక పట్టిక, అందులో చేపల పేర్లు, పక్కన అంకెలు, కింద జరిమానా. పని అయిపోయింది.

చిక్కు ఆ అంకెని ఎక్కడ అమలు చేస్తారన్న దగ్గర మొదలవుతుంది. రేవులో తట్ట దించి స్కేలు పెట్టేసరికి ఆ చేప చచ్చి గంటలు గడిచాయి. అక్కడ జరిమానా వేస్తే మర్నాటి నుంచి ఆ పడవ చిన్న చేపల్ని పట్టడం మానదు, రేవుకి తేవడం మానుతుంది. పడ్డవాటిని ఏరి దారిలోనే సముద్రంలో పారబోస్తుంది. రికార్డుల్లో పిల్లచేపలు మాయమవుతాయి, సముద్రంలో మాత్రం అన్నే చస్తాయి. పైగా ఇప్పుడు ఎన్ని చస్తున్నాయో లెక్క కూడా మిగలదు.

అందుకని నేను అనేదేమిటంటే, కనీస సైజు నిబంధన రెండు చోట్లే నిజంగా పనిచేస్తుంది. చేప అసలు వలలో నిలవకుండా చూడగలిగిన చోట, లేదా పడినా ప్రాణంతో తిరిగి వెళ్ళగలిగిన చోట. ఆ రెండూ లేనప్పుడు ముందు వల కన్ను గురించీ, వేట జరిగే తావు గురించీ, కాలం గురించీ మాట్లాడాలి. సెంటీమీటర్ల పట్టిక ఆ తర్వాత.

రెండు కారణాలు, రెండు వేర్వేరు అంకెలు

చిన్న చేపని ఎందుకు వదలాలి అంటే సాధారణంగా ఒకే జవాబు వస్తుంది, గుడ్లు పెట్టాలి కాబట్టి అని. నిజానికి కారణాలు రెండు. అవి చూపించే అంకెలు కూడా ఒకటి కానక్కర్లేదు.

మొదటిది ఒట్టి బరువు లెక్క. ఒక ఊహా మందని తీసుకుందాం. ఏడాది వయసున్న చేపలు 1000, ఒక్కోటి 40 గ్రాములు. వేట లేకపోయినా ఏటా నూటికి నలభై ఎలాగూ పోతాయి, పెద్ద చేపల నోట్లోకో జబ్బులకో. మొదటి ఏడు మంద మొత్తం బరువు 40 కిలోలు. రెండో ఏటికి 600 మిగిలి ఒక్కోటి 120 గ్రాములైతే 72 కిలోలు. మూడో ఏడు 360, ఒక్కోటి 220 గ్రాములు, అంటే సుమారు 79 కిలోలు. నాలుగో ఏడు 216, ఒక్కోటి 310 గ్రాములు, 67 కిలోలు. ఎదుగుదల చావుని దాటిపోయేది మూడో ఏడు వరకే, ఆపైన చావుదే పైచేయి. మొదటి ఏడే పట్టేసినవాడు మూడో ఏడు దొరకాల్సిన దాంట్లో సగం పోగొట్టుకుంటాడు. ఇందులో గుడ్ల ప్రసక్తే లేదు గమనించండి. బెవర్టన్, హోల్ట్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1957లో ఈ లెక్కకి గట్టి పునాది వేశారు. ఈ గరిష్ఠ బరువు వచ్చే పొడవుకి ఒక సులువైన సూత్రముంది. ఆ జాతి పెరగగల చివరి పొడవుని మూడుతో గుణించి, మూడుకి సహజ మరణాల రేటు, ఎదుగుదల రేటుల నిష్పత్తిని కలిపితే వచ్చేదానితో భాగించాలి. ఆ నిష్పత్తి ఒకటిన్నర అయితే జవాబు చివరి పొడవులో మూడింట రెండు వంతులు. చాలా జాతులకి మొదటి అంచనాగా ఇది చాలు.

రెండో కారణం గుడ్లు. ఏ పొడవు దగ్గర ఆ జాతిలో సగం చేపలు ఈడుకొస్తాయో ఆ పొడవునే ఎక్కువ దేశాల్లో కనీస సైజుకి ఆధారంగా తీసుకుంటారు. ఇక్కడ 'సగం' అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. సరిగ్గా ఆ పొడవున్న చేపల్లో మిగతా సగం ఒక్కసారి కూడా గుడ్లు పెట్టనివే. అందుకే జర్మన్ శాస్త్రవేత్త రైనర్ ఫ్రోసె 2004లో మూడు సూచికలు చెప్పినప్పుడు, పట్టిన చేపల్లో నూటికి నూరూ ఈడుకొచ్చినవే ఉండాలన్నాడు, ఎక్కువ భాగం పైన చెప్పిన గరిష్ఠ బరువు పొడవుకి అటూ ఇటూ పది శాతంలో ఉండాలన్నాడు, మరీ పెద్ద తల్లిచేపల్ని వదిలెయ్యాలన్నాడు. ఈ మూడూ ఒకేసారి కావాలంటే ఒక్క కనీస సైజు అంకెతో కుదరదు. మూడోదాని సంగతి తర్వాత చూద్దాం.

కొన్ని నిబంధనలైతే ఈ సగం గీతకి కూడా చాలా కింద ఉన్నాయి. మధ్యధరా సముద్రంలో హేక్ చేపకి యూరప్ పెట్టిన కనీస సైజు 20 సెం.మీ. ఆడ హేక్ ఈడుకు రావాలంటే 30 దాటాలి. అంటే చట్టప్రకారం పట్టిన చేపల్లో కూడా పిల్లలే ఉండొచ్చు. వలలు చిన్నకన్నువి, బజారు చిన్న చేపకి అలవాటు పడింది, ఆ రెంటికీ సరిపోయేలానే ఆ అంకె ఉంది. దీనికి భిన్నంగా అట్లాంటిక్ వైపు సీబాస్ చేపకి 2015లో 36 నుంచి 42 సెం.మీ.కి ఒకేసారి పెంచారు. ఆడ సీబాస్ ఈడుకొచ్చేది ఆ 42 దగ్గరే.

ఈడు పొడవు కట్టేటప్పుడు జరిగే పొరపాట్లు

పద్ధతి చెప్పడానికి తేలిక. కనీసం ఏడాది పాటు నెలనెలా నమూనాలు తేవాలి. చేపల్ని ఒక్కో సెంటీమీటరు తరగతిగా విడదీసి, పొట్ట కోసి, గుడ్ల తిత్తి ఏ దశలో ఉందో రాసుకోవాలి. ప్రతి తరగతిలో ఈడుకొచ్చినవి నూటికెన్నో చుక్కలు పెడితే మెలిక తిరిగిన గీత ఒకటి వస్తుంది. అది 50 శాతాన్ని దాటే చోటు మనకి కావలసిన పొడవు.

తప్పులు ఎక్కువగా నాలుగు చోట్ల దొర్లుతాయి. గుడ్ల కాలం కానప్పుడు నమూనా తీస్తే, ఒకసారి గుడ్లు పెట్టి విశ్రాంతిలో ఉన్న తల్లిచేప తిత్తి కూడా పిల్లచేపదిలా సన్నగా కనిపిస్తుంది. దాన్ని పిల్లల్లో కలిపేస్తే అంకె లేనిపోని ఎత్తుకి పోతుంది. రేవులోంచి మాత్రమే నమూనాలు తెస్తే చిన్న తరగతులు ఖాళీగా ఉంటాయి, ఎందుకంటే చిన్నవాటిని దారిలోనే పారబోసి ఉంటారు. అప్పుడు గీత కింది సగం ఒట్టి ఊహ. ఆడా మగా కలిపి కడితే చాలా జాతుల్లో ముందే ఈడుకొచ్చే మగచేపలు అంకెని కిందికి లాగుతాయి.

నాలుగోది అన్నిటికన్నా ప్రమాదకరం. వేట ఎక్కువైన మందలో చేపలు చిన్న వయసులోనే, చిన్న పొడవులోనే ఈడుకు రావడం మొదలుపెడతాయి. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ పక్కనున్న కాడ్ మందలో 1992లో వేట నిషేధం వచ్చేలోపే ఈ మార్పు డేటాలో కనిపించింది. 'తాజా శాస్త్రం' పేరుతో ప్రతి పదేళ్ళకీ ఈడు పొడవు మళ్ళీ కొలిచి దాన్నిబట్టి కనీస సైజు తగ్గించుకుంటూ పోతే, మందని కుదించిన ఒత్తిడికే మనం ముద్ర వేస్తున్నట్టు. ఈడు పొడవు తగ్గిందన్నది వేట తగ్గించమని చెప్పే లక్షణం. సైజు తగ్గించుకోవడానికి అది అనుమతి కాదు.

కొలవడం

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కేసులు కోర్టులో నిలబడేది, పడేది ఇక్కడే. 'పొడవు' అని రాసి ఊరుకుంటే ఎవరి పొడవు వాళ్ళది.

మామూలు చేపకి మొత్తం పొడవు: నోరు మూసి, మూతి కొస నుంచి తోక చివరి దాకా. తోక రెండు రెక్కల్నీ దగ్గరికి నొక్కి కొలవాలా, ఉన్నది ఉన్నట్టు కొలవాలా అన్నది కూడా రాసి ఉండాలి, తేడా వస్తుంది. తోక లోతుగా చీలిన ట్యూనాల వంటివాటికి మూతి నుంచి తోక చీలిక నడిమి దాకా. కత్తిచేపకి పై ముక్కు విరిగిపోతూ ఉంటుంది కాబట్టి కింది దవడ కొస నుంచి తోక చీలిక దాకా. లాబ్‌స్టర్‌కి కంటి గుంట వెనక అంచు నుంచి వీపు డిప్ప వెనక అంచు దాకా, పీతకి డిప్ప వెడల్పు, స్క్విడ్‌కి వీపు వైపు గొట్టం పొడవు.

కొలబల్లకి ఒక చివర నిలువు చెక్క ఉండాలి, మూతి దానికి ఆనాలి. టేపుని చేప ఒంటి మీదుగా వంచి కొలిస్తే పొట్ట ఉబ్బు కూడా పొడవులో కలుస్తుంది, 19 సెం.మీ. చేప 20 అయిపోతుంది. ఐసులో ఉన్న చేప, గడ్డకట్టించిన చేప కాస్త కుంచించుకుపోతాయి. పడవ మీద సరిగ్గా గీత మీదున్నది గోదాములో గీత కిందికి రావచ్చు. అందుకే గోదాముల్లో తనిఖీ చేసే చోట ఎంత వెసులుబాటు ఇస్తారో ముందే రాసిపెట్టాలి. తల కోసేసిన చేపకి, ముక్కలు చేసిన చేపకి ఏ కొలతా వర్తించదు. సముద్రం మీదే కోయడానికి అనుమతించి కనీస సైజు పెట్టడం తలుపు తీసిపెట్టి గడియ వేయడమే.

వల కన్ను ఏం చేస్తుంది, ఏం చేయదు

పడవ వెనక ఈడ్చుకుపోయే ట్రాల్ వలలో చేపల్ని ఎంచేది చివరి సంచి. అక్కడి కన్ను ఎంత ఉంటే ఏ పొడవు చేపల్లో సగం తప్పించుకుంటాయో చెప్పడానికి ఒక గుణకం వాడతారు: సగం తప్పించుకునే పొడవుని కన్ను కొలతతో భాగిస్తే వచ్చేది. ఒక జాతికి ఈ గుణకం 3 అనుకుంటే 40 మి.మీ. కన్ను 12 సెం.మీ. దగ్గర సగం వదులుతుంది. కనీస సైజు 14 అని పెట్టి 40 మి.మీ. కన్నుకి అనుమతిస్తే ఆ చట్టం పిల్లచేపల్ని తనే పట్టించి, పట్టినందుకు తనే జరిమానా వేస్తున్నట్టు. ఇలాంటి జోడీ కుదరని చట్టాలు తక్కువేం కాదు. కనీస సైజు ఒక శాఖ, వల కన్ను ఇంకో కాలంలో ఇంకో కమిటీ నిర్ణయిస్తే ఇలాగే అవుతుంది.

కన్ను ఆకారం కూడా ముఖ్యమే. మామూలు వలలో కన్ను డైమండ్ ఆకారం. లాగుతున్నకొద్దీ సంచి బరువెక్కి కళ్ళు పొడవునా సాగి మూసుకుపోతాయి, చేపల ముద్దకి సరిగ్గా ముందున్న కొన్ని వరసలే తెరుచుకుని ఉంటాయి. అదే వలని తిప్పి చతురస్రం కన్నుగా వేస్తే లాగుడు బలం కన్ను అంచుల వెంబడి పోతుంది కాబట్టి తెరుచుకునే ఉంటుంది. గుండ్రటి ఒళ్ళున్న చేపలకి ఇది మంచి దారి. చందువా లాంటి బల్లపరుపు చేపకి మాత్రం డైమండ్ కన్నే నయం, పక్కకి ఒరిగి జారిపోగలదు. కాబట్టి చతురస్రం కన్నే ఎప్పుడూ మంచిదన్న ప్రచారం సగమే నిజం.

కన్ను కొలత చట్టంలో సరిగ్గా ఉన్నా దాన్ని చంపే మార్గాలు చాలా ఉన్నాయి. సంచి లోపల సన్నకన్ను వల ఇంకో పొరగా కుట్టడం అందరికీ తెలిసిందే. మందమైన జంట దారం వాడితే కన్ను బిర్రబిగిసి తెరుచుకోదు. సంచి చుట్టుకొలతలో కళ్ళ సంఖ్య పెంచితే ఒక్కో కన్ను వదులై ముడుచుకుంటుంది. కొలత ప్రకారం అన్నీ చట్టబద్ధమే! అందుకే మంచి నిబంధనలో కన్నుతో పాటు దారం మందం, చుట్టూ ఉండగల కళ్ళ సంఖ్య, పొరల సంఖ్య కూడా రాస్తారు. కొలిచేటప్పుడు వేళ్ళతో సాగదీసి స్కేలు పెడితే ఎవరి బలం వాళ్ళది. యూరప్‌లో నిర్ణీత బలంతో సాగదీసే గేజి పెట్టి వరసగా 20 కళ్ళు కొలిచి సగటు తీస్తారు.

ఈ ముక్కలన్నీ ఒకచోట కుదిరితే ఎలా ఉంటుందో బారెంట్స్ సముద్రంలో చూడొచ్చు. నార్వే 1987లోనే కాడ్, హ్యాడక్ చేపల్ని తిరిగి పారేయడాన్ని నిషేధించింది. 1997 నుంచి ట్రాల్ వలల్లో 55 మి.మీ. ఎడం ఉన్న ఊచల జాలీ తప్పనిసరి. సంచిలోకి పోకముందే చిన్న చేపలు ఊచల మధ్య నుంచి బయటపడతాయి. 2011లో రష్యా, నార్వేలు తమ లెక్కల్ని ఒకటి చేసుకున్నాయి: సంచి కన్ను 130 మి.మీ., కాడ్ కనీస సైజు 44 సెం.మీ. అంతకుముందు ఒకరిది 47, ఇంకొకరిది 42. దీనికి తోడు, ఏదైనా తావులో చిన్న చేపలు లెక్కలో 15 శాతం దాటితే ఆ తావుని అప్పటికప్పుడు మూసేస్తారు. ఇన్ని ఏర్పాట్ల మధ్య కనీస సైజు అన్నది తావు ఎప్పుడు మూయాలో చెప్పే కొలత. పడవ వాణ్ణి పట్టుకునే ఉచ్చుగా దాన్ని వాడడం తక్కువ.

వల కన్ను లోంచి జారిన చేపలన్నీ బతుకుతాయా అంటే, లేదు. కాడ్, హ్యాడక్ గట్టివి, ఎక్కువ భాగం బతుకుతాయి. హెర్రింగ్, కవళ్ళ లాంటి పలుచని పొలుసు చేపలు కన్నుకి ఒరుసుకుని పొలుసు రాలితే తర్వాత చస్తాయి. వాటికి పెద్ద కన్ను మంత్రం పారదు. మందని చూసి వల వేయకుండా ఉండడమే మార్గం.

వదిలితే బతికేవి

లాబ్‌స్టర్లూ పీతలూ కనీస సైజు నిబంధనకి పుట్టినట్టే ఉంటాయి. బోనులో ప్రాణంతో వస్తాయి, ఒక్కొక్కటిగా చేతిలోకి వస్తాయి, కొలిచి వదిలితే నడిచిపోతాయి. అమెరికాలోని మేయిన్ రాష్ట్రంలో లాబ్‌స్టర్ డిప్ప మూడుంపావు అంగుళాలకన్నా తక్కువుంటే వదలాలి, అయిదు అంగుళాలు దాటినా వదలాలి. గుడ్లతో ఉన్న ఆడదాని తోక రెక్కలో గాటు పెట్టి వదులుతారు. ఆ గాటు ఉన్నంతకాలం గుడ్లు లేకపోయినా దాన్ని పట్టకూడదు. బోనుకి తప్పించుకునే కిటికీ ఉంటుంది, చిన్నవి పైకి రాకుండానే వెళ్ళిపోతాయి. బోను తప్పిపోతే లోపల పడ్డవి చావకుండా కొంతకాలానికి కరిగి తెరుచుకునే పలక కూడా ఉంటుంది. అమెరికా పడమటి తీరంలో డంజెనెస్ పీత సంగతీ ఇంతే. ఆరుంపావు అంగుళాలు దాటిన మగపీతలే పట్టాలి, ఆడవాటిని అసలు ముట్టరు. మగపీత ఆ సైజుకి చేరేలోపే ఆడదానితో జతకట్టి ఉంటుంది.

లోతునుంచి వచ్చే గాలితిత్తి చేపల కథ వేరు. పైకి లాగుతుంటే ఒత్తిడి తగ్గి తిత్తి ఉబ్బుతుంది, పొట్ట నోట్లోకి తన్నుకొస్తుంది, కళ్ళు పొడుచుకొస్తాయి. కొలిచి వదిలినా నీటి మీదే తేలుతూ పక్షుల పాలవుతుంది. అందుకే మెక్సికో గల్ఫ్‌లో రాతిదిబ్బల చేపలు పట్టే పడవల్లో చేపని తిరిగి లోతుకి దింపే పరికరమో, గాలి తీసే సూదో సిద్ధంగా ఉంచాలని అమెరికా చట్టం చేసింది. 2022 జనవరిలో అది అమల్లోకి వచ్చింది. ఆ పరికరం లేకుండా కనీస సైజు పెంచితే చచ్చే చేపల సంఖ్య పెరుగుతుంది. సైజున్నవి దొరికేదాకా గాలం వేస్తూనే ఉంటారు కదా.

ట్రాల్ సంచిలో రెండు మూడు గంటలు నలిగిన చేపకైతే వదలడం అన్న మాటకే అర్థం లేదు. యూరప్ ఈ నిజాన్ని ఒప్పుకుని 2015 నుంచి 2019 దాకా దశలవారీగా దారి మార్చింది: కోటా ఉన్న జాతుల్లో పట్టిందంతా రేవుకి తేవాలి, కోటాలో లెక్కేస్తారు, చిన్నవాటిని మాత్రం మనుషులు తినడానికి అమ్మకూడదు. చేపపిండికో నూనెకో పోవాలి. ఆలోచన బాగుంది, చిన్నవి పట్టినవాడికి కోటా కరుగుతుంది గానీ డబ్బు రాదు, కాబట్టి మంచి వల వేసుకుంటాడని. అయితే సముద్రం మీద చూసేవాళ్ళు లేనంతకాలం పారేయడమే చవక. పడవ మీద కెమెరా లేకుండా ఈ నిబంధన నిలబడదని నా అభిప్రాయం. ఇంకో ప్రమాదం కూడా ఉంది. చేపపిండి మిల్లు మంచి ధర ఇవ్వడం మొదలుపెడితే పిల్లచేపకే బజారు పుడుతుంది.

వెసులుబాటు శాతం అనే కన్నం

ఏ వలా నిక్కచ్చిగా ఎంచలేదు కాబట్టి కొంత శాతం చిన్నవి ఉన్నా పర్వాలేదని చాలా చట్టాలు అంటాయి. ఆ శాతం లెక్కలోనా, బరువులోనా? ఈ ఒక్క మాటతో నిబంధన తలకిందులవుతుంది. పెద్దది 200 గ్రాములు, పిల్ల 50 గ్రాములు అనుకుందాం. 100 కిలోల్లో బరువు ప్రకారం 10 శాతం వెసులుబాటంటే 10 కిలోల పిల్లలు, అంటే 200 చేపలు. మిగతా 90 కిలోలు 450 చేపలు. మొత్తం 650లో 200, అంటే లెక్కలో 31 శాతం పిల్లలే. చట్టం మాత్రం పది శాతమే అంటోంది!

నమూనా సంగతి కూడా చూడాలి. నిజంగా 10 శాతం పిల్లలున్న తట్టలోంచి 30 చేపలు తీసి లెక్కిస్తే అదృష్టాన్ని బట్టి సున్నా నుంచి 20 శాతం దాకా ఏదైనా రావచ్చు. 200 తీస్తే 6 నుంచి 14 మధ్య వస్తుంది. పైన పరిచిన పెద్ద చేపల్లోంచి కాకుండా తట్ట అడుగునుంచీ మధ్యనుంచీ తీయాలన్నది చెప్పనక్కర్లేదు, అయినా చెప్పాల్సి వస్తుంటుంది.

అట్లాంటిక్ కత్తిచేపకి అంతర్జాతీయ కమిషన్ ఒక తెలివైన ఏర్పాటు చేసింది: 125 సెం.మీ. పెట్టుకుంటే 15 శాతం వెసులుబాటు, లేదా 119 పెట్టుకుని ఒక్కటి కూడా తగ్గకూడదు. ఏది ఎంచుకోవాలో ఆ దేశం ఇష్టం. నిఘా పెట్టేవాడికి రెండోది సులువు.

పెరూ నెత్తళ్ళ వేటలో కనీస సైజు 12 సెం.మీ., లెక్కలో 10 శాతం వెసులుబాటు. పిల్లలు ఎక్కువ పడ్డ చోటుని కొన్ని రోజులు మూసేస్తారు. బారెంట్స్ సముద్రంలో పనిచేసిన పద్ధతే ఇది. కానీ 2023లో వచ్చిన ఒక ఆర్థికశాస్త్ర అధ్యయనం ఇక్కడ ఈ మూసివేతల వల్ల పిల్లచేపల వేట 48 శాతం పెరిగిందని తేల్చింది. కారణం వింటే ఔరా అనిపిస్తుంది. ఫలానా చోటు మూశామని ప్రకటించగానే అక్కడ మంద ఉందని పడవలన్నిటికీ తెలిసిపోతుంది. మూసిన గీత బయట వలలు వేసుకుని కూర్చుంటారు. గీత చిన్నదిగా ఉండడం, మూసిన రోజులు తక్కువ కావడం, చేప మాత్రం కదులుతూ ఉండడం వాళ్ళకి కలిసొస్తాయి. మూసే చోటు పెద్దదిగా ఉంటే ఈ ఎత్తు ఇంత తేలిగ్గా పారేది కాదేమో.

గీత కదలకపోయినా ఇబ్బందే. ఉత్తర సముద్రంలో ప్లేస్ అనే బల్లపరుపు చేప పిల్లలకోసం 1989లో తీరం వెంట పెద్ద ట్రాలర్లు రాకూడని తావుగా మ్యాపు మీద ఒక పెట్టె గీశారు. తర్వాతి ఏళ్ళలో పిల్లచేపలు లోతు నీళ్ళకి జరిగాయి. పెట్టె ఉన్నచోటే ఉంది.

పెద్దవాటిని కూడా వదలాలి

కనీస సైజు ఒక్కటే పెడితే మనం చెప్పేది 'పెద్దవాటిని చంపండి' అనే. బరువు పెరిగినదానికన్నా వేగంగా గుడ్ల సంఖ్య పెరుగుతుందన్నది ఇప్పుడు చాలా జాతుల్లో రుజువైన విషయం. 2018లో వచ్చిన ఒక లెక్క ప్రకారం 30 కిలోల ఒక్క ఆడ కాడ్ పెట్టే గుడ్లకి రెండు కిలోల ఆడ కాడ్‌లు 28 కావాలి. 2002లో కోనోవర్, మంచ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తొట్లలో సిల్వర్‌సైడ్ అనే చిన్న చేపని పెంచి, ఒక గుంపులో ప్రతి తరంలోనూ పెద్దవాటిని 90 శాతం తీసేశారు. ఇంకో గుంపులో చిన్నవాటిని తీసేశారు. నాలుగు తరాలకే మొదటి గుంపు దిగుబడి రెండో దానిలో దాదాపు సగానికి పడిపోయింది. తొట్టి వేరు, సముద్రం వేరు, ఒప్పుకుంటాను. దిశ మాత్రం సందేహించేది కాదు.

లింగం మార్చుకునే చేపల్లో ఈ గొడవ ఇంకా ముదురుతుంది. పండుగప్ప మొదట మగ, తర్వాత ఆడ. కనీస సైజు ఒక్కటే పెడితే ఆడవన్నీ వేటకి పోతాయి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తూర్పు తీరంలో దీనికి 58 సెం.మీ. కింద, 120 సెం.మీ. పైన రెండు గీతలున్నాయి. గ్రూపర్లు దీనికి తలకిందులు, మొదట ఆడ, తర్వాత మగ. అక్కడ మగవి కరువై గుడ్లు మురిగిపోతాయి. రెండు గీతల పద్ధతి గాలానికీ బోనుకీ కుదురుతుంది. చేప తల కన్నులో ఇరుక్కునేలా నిలువుగా కట్టే గిల్ వలకి కొంతవరకు కుదురుతుంది, మరీ పెద్ద చేప తల కూడా దూరక వెనక్కి పోతుంది కాబట్టి. ట్రాల్ వలకి కుదరదు, అక్కడ పెద్ద చేపకి రక్ష వేట లేని తావులే.

ఒక వల, యాభై జాతులు

చల్లని సముద్రాల్లో నాలుగైదు జాతులమీద పుట్టిన ఈ నిబంధనని ఉష్ణమండలానికి తెస్తే అసలు పరీక్ష మొదలవుతుంది. అదే సంచిలో ముసలి నెత్తళ్ళూ ఉంటాయి, అంతే పొడవున్న వంజరం పిల్లలూ ఉంటాయి. వంజరం ఈడుకు రావాలంటే 60 సెం.మీ. దాటాలి. ఏ ఒక్క కన్నూ ఇద్దరికీ న్యాయం చేయలేదు. పైగా పిల్లదశలో జాతి గుర్తుపట్టడమే కష్టం, పట్టికలో అంకె ఉంటే సరిపోదు, తనిఖీ చేసేవాడి చేతిలో బొమ్మల కార్డు ఉండాలి.

భారతదేశంలో కేరళ 2015లో మొదటిసారి 14 జాతులకి కనీస సైజు ప్రకటించింది. కవళ్ళకి 10 సెం.మీ., కానాగంతలకి 14. ఆ తర్వాత జాబితా 58కి పెరిగింది. జాబితా పెరగడం నాకు మరీ గొప్పగా అనిపించదు. మందలుగా తిరిగే కవళ్ళూ కానాగంతలూ విషయంలో ఈ నిబంధనకి అర్థముంది, మంద చుట్టూ తిప్పే రింగు వల వేసేముందే మంద ఏ సైజో పడవ పెద్దకి చాలావరకు తెలుస్తుంది, వేయకుండా ఉండగలడు. అడుగున ఈడ్చే ట్రాల్ వలకి 58 అంకెలు ఇచ్చి లాభం లేదు. దానికి ఇవ్వాల్సింది ఒక కన్ను, ఒక కాలం, ఒక హద్దు. రొయ్యలూ స్క్విడ్‌ల లాంటి ఏడాది బతుకు జాతులకి కూడా అంతే. కొన్ని నెలల్లోనే పెరిగి ఈడుకొచ్చేవాటికి ఆ నెలలు వేట ఆపితే సైజు దానంతటదే వస్తుంది.

ఎగుమతి సరుకైతే ఇంకో మంచి కీలు దొరుకుతుంది. భారత ప్రభుత్వం 2003లో రాతి లాబ్‌స్టర్ల ఎగుమతికి జాతివారీగా కనీస బరువు పెట్టింది, ఒకదానికి 200 గ్రాములు, ఇంకోదానికి 300, మరోదానికి 500. వేల పడవల వెంట పడకుండా కొద్ది ఓడరేవుల్లో చూస్తే సరిపోతుంది. స్థానిక బజారుకి పోయేదాన్ని ఇది ఆపదు, అది దాని హద్దు.

పెంచేటప్పుడు నష్టం ఎవరిది

కనీస సైజు పెంచిన మొదటి ఏడు దిగుబడి తప్పకుండా తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో ముందే చెప్పొచ్చు: ఇప్పటి వేటలో పాత గీతకీ కొత్త గీతకీ మధ్య ఎంత బరువు పడుతోందో పొడవుల పట్టిక చూస్తే తెలుస్తుంది. ఈ లెక్క మత్స్యకారుల ముందు పెట్టకుండా 'మీ మంచికే' అనడం మర్యాద కాదు. మేయిన్ లాబ్‌స్టర్ గీతని అంగుళంలో పదహారో వంతు పెంచాలనుకున్నారు, సర్వేలో పిల్ల లాబ్‌స్టర్ల సంఖ్య 35 శాతానికి మించి పడిపోయిందని. పదహారో వంతు అంటే ఒకటిన్నర మిల్లీమీటరు. పక్కనే కెనడా వాళ్ళు పాత సైజే పట్టి అమ్ముకుంటారు, మేం మాత్రం వదలాలా అని మత్స్యకారులు ఎదురుతిరిగారు. 2025లో ఆ పెంపు ఆగిపోయింది. వాళ్ళ వాదనలో స్వార్థం ఉన్నా అబద్ధం లేదు. ఒకే మందని రెండు దేశాలు రెండు గీతలతో పడితే, ఎక్కువ వదిలినవాడు పక్కవాడికి పెంచి ఇస్తున్నాడు.

ఒడ్డు దగ్గర కూడా ఇదే తగువు. పిల్లచేపలు పెరిగేది లోతు తక్కువున్న నీళ్ళలో, మొగల్లో, మడ అడవుల అంచుల్లో. చిన్న పడవల వాళ్ళు వేటాడేదీ అక్కడే. రేవులో స్కేలు పెట్టి చూస్తే వాళ్ళ తట్టలోనే చిన్న చేపల శాతం ఎక్కువగా కనిపిస్తుంది, కేసులు వాళ్ళమీదే పడతాయి. పెద్ద ట్రాలర్ తట్టలో శాతం తక్కువ, ఏరి పారేసి వచ్చింది కాబట్టి. శాతం బదులు పడవ మొత్తం మీద చంపిన పిల్లచేపల సంఖ్య లెక్కిస్తే వరస తారుమారవుతుంది. ఆ సంఖ్య కావాలంటే రేవులో దొరకదు, పడవ మీద మనిషో కెమెరానో ఉండాలి. పర్యవేక్షణకి డబ్బు ఒక్క చోటికే సరిపోతే దాన్ని వంద చిన్న రేవుల్లో స్కేళ్ళకి కాకుండా పెద్ద ట్రాలర్ల సంచి కొలవడానికీ, వాటి మీద కెమెరాలకీ పెట్టమంటాను. ఒడ్డు పడవలకి సంవత్సరంలో పిల్లలు ఎక్కువుండే కొన్ని వారాలు సన్నకన్ను వల మానేయమని అడగొచ్చు, మానేసిన వారాలకి కూలి ఇచ్చి.